సముద్రపు ఆల్చిప్పల జబ్బులపై వేసవి ఇంటర్న్‌షిప్: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎనిమిది నుంచి పది వారాలు ఒక ల్యాబ్‌లో ఉండి ఆల్చిప్పలు, గుల్లలు, మసెల్స్, అబలోన్ వంటి వాటి జబ్బుల మీద పనిచేయబోయే డిగ్రీ, పీజీ విద్యార్థుల కోసం ఈ పేజీ. రొయ్యలు, పీతల జబ్బులకు వాడే పద్ధతులు వేరు కాబట్టి ఇక్కడ వాటి జోలికి పోవడం లేదు.

ఈ పని వేసవిలోనే ఎందుకు పెడతారు? సెలవులనా?

సెలవులు ఒక కారణం మాత్రమే. అసలు ఈ జబ్బులే వేడి నీళ్లవి. పర్కిన్సస్ మరైనస్ అనే పరాన్నజీవి తెచ్చే డెర్మో జబ్బు, నీటి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ దాటాక ఊపందుకుంటుంది. చావులు మాత్రం వేసవి చివర్లో, ఆ తర్వాతి నెలా రెండు నెలల్లో ఎక్కువగా కనిపిస్తాయి. పసిఫిక్ ఆల్చిప్ప పిల్లలను చంపే ఆయిస్టర్ హెర్పిస్ వైరస్-1 కూడా అంతే: నీళ్లు 16 డిగ్రీలు దాటే దాకా నిమ్మళంగా ఉండి, దాటాక కొద్ది రోజుల్లోనే బుట్టలకు బుట్టలు ఖాళీ చేస్తుంది.

అందుకే మీ తేదీలు చూసుకోండి. వేసవి మొదట్లో తీసిన ఆల్చిప్పల్లో డెర్మో కనబడలేదంటే ఆ చోటు శుభ్రమని కాదు. చలికాలంలో అడుగంటిన సోకు (ఇన్ఫెక్షన్) ఇంకా మన పరీక్షకు దొరికేంత పెరగలేదేమో. పై అధికారితో మొదటి మాటల్లోనే "మనం ఏ నెల నుంచి ఏ నెల వరకు చూస్తున్నాం, ఆ జబ్బు ఎప్పుడు ముదురుతుంది?" అని అడగడం మంచిది.

ముందుగా తెలిసి ఉండాల్సిన జబ్బులు ఏవి?

అన్నీ కంఠతా పట్టక్కర్లేదు. మీరు పనిచేసే జీవికి వచ్చే రెండు మూడింటిని లోతుగా చదవండి. తూర్పు అమెరికా ఆల్చిప్పలకైతే డెర్మో, ఎంఎస్‌ఎక్స్. డెర్మో పరాన్నజీవిని 1950లో డెర్మోసిస్టిడియం మరైనమ్ పేరుతో వర్ణించారు, వాడుక పేరు అలాగే నిలిచిపోయింది. ఎంఎస్‌ఎక్స్‌కు కారణం హాప్లోస్పోరిడియం నెల్సోని. అది 1957లో డెలావేర్ అఖాతంలో, 1959లో చెసపీక్ అఖాతంలో బయటపడింది, 2024లో కెనడాలోని ప్రిన్స్ ఎడ్వర్డ్ దీవిలోనూ నిర్ధారణ అయింది. ఈ రెండింటి మధ్య ఒక పెద్ద తేడా ఉంది. డెర్మో ఒక ఆల్చిప్ప నుంచి ఇంకోదానికి నేరుగా అంటుకుంటుంది. ఎంఎస్‌ఎక్స్‌ను ల్యాబ్ తొట్టెలో అలా అంటించడం ఎవరి వల్లా కాలేదు, మధ్యలో ఇంకేదో జీవి ఉండాలని అనుమానం. అందుకే తొట్టెలో సోకించి చూసే ప్రయోగం డెర్మోకు నడుస్తుంది, ఎంఎస్‌ఎక్స్‌కు నడవదు.

యూరప్ చదును ఆల్చిప్పలకు బొనామియా ఆస్ట్రియే, మార్టీలియా రెఫ్రిన్‌జెన్స్. అబలోన్‌కు ఒళ్లు శుష్కించిపోయే విదరింగ్ సిండ్రోమ్, దానికి కారణం ఒక బ్యాక్టీరియా. హేచరీలో (పిల్లలను పుట్టించే కేంద్రం) లార్వాలకు విబ్రియోలు అనే బ్యాక్టీరియాలు. మెత్తని చిప్ప గుల్లల్లో లుకేమియా లాంటి క్యాన్సర్ ఉంది. ఆ క్యాన్సర్ కణాలే ఒక జీవి నుంచి మరో జీవికి పాకుతాయని 2015లో తేలింది. ఇంటర్న్‌లు ఎక్కువమంది ఆశపడే టాపిక్ ఇదే.

పది వారాల్లో తేలే ప్రశ్న ఎలా ఉండాలి?

చిన్నగా ఉండాలి. "లవణీయత జబ్బును ఎలా ప్రభావితం చేస్తుంది" అన్నది పీహెచ్‌డీ ప్రశ్న. "ఈ నదీముఖంలో పైచోట, కిందిచోట ఒకే వయసు ఆల్చిప్పల్లో డెర్మో తీవ్రత తేడాగా ఉందా" అన్నది వేసవి ప్రశ్న.

లెక్క వెనక నుంచి వేసుకోండి. చివరి రెండు వారాలు రాతకు, పోస్టర్‌కు పోతాయి. మొదటి వారం భద్రతా శిక్షణ, పరికరాల అలవాటు. కణజాల స్లైడ్లు మీ ల్యాబ్‌లోనే కోసినా వారం పడుతుంది. బయటికి పంపితే వరుసలో రెండు మూడు వారాలు కూర్చోవాల్సిందే. అంటే ఆరో వారం తర్వాత తెచ్చిన నమూనా మీ రిపోర్టులోకి రావడం కష్టం. ఏడో వారంలో "ఇంకొక్క సైట్ చూద్దాం" అనిపిస్తుంది. చూడొద్దు.

ఒక్కో చోట ఎన్ని జీవులు తీయాలి?

మీరు అడిగేది ఏమిటన్నదాన్ని బట్టి. జబ్బు ఉందా లేదా అని తేల్చాలంటే వాడుకలో ఉన్న లెక్క ఇది: పెద్ద మందలో కనీసం 10 శాతానికి సోకి ఉంటే, అందులో ఒక్కటైనా 95 శాతం నమ్మకంతో పట్టుబడడానికి దాదాపు 30 జీవులు కావాలి. సోకింది 5 శాతమే అయితే 60, 2 శాతమైతే 150. పరీక్ష ఏదీ తప్పిపోదు అనుకుని వేసిన లెక్క ఇది, నిజానికి ప్రతి పరీక్షా కొన్నిటిని వదిలేస్తుంది. 30 తీసి 30లోనూ ఏమీ దొరక్కపోతే "జబ్బు లేదు" అని రాయకండి. "ఉంటే 10 శాతం లోపే ఉండొచ్చు" అని రాయండి.

రెండు చోట్లను పోల్చాలంటే లెక్క ఇంకా కఠినం. ఒకచోట 30లో 12, ఇంకోచోట 30లో 18 అనుకోండి. 40 శాతం, 60 శాతం. చూడ్డానికి పెద్ద తేడాయే, కై-స్క్వేర్ అనే గణాంక పరీక్ష వేస్తే పీ విలువ (నిజంగా తేడా లేకున్నా యాదృచ్ఛికంగా ఇంత తేడా కనబడే అవకాశం) 0.12 దగ్గర వస్తుంది, అంటే తేడా ఉందని చెప్పలేరు. ఇంకో చిక్కు: ఒకే బుట్టలోంచి తీసిన 30 ఆల్చిప్పలు ఒకే బుట్ట కథ చెబుతాయి. పది బుట్టల్లోంచి మూడేసి తీస్తే ఆ చోటు కథ చెబుతాయి. సంఖ్య పెంచే వీలు లేనప్పుడు బుట్టలు పెంచండి.

ఫీల్డులో ఏం రాసుకోవాలి, ఎలా తీసుకురావాలి?

నీటి ఉష్ణోగ్రత, లవణీయత, లోతు, ఆటుపోటు ఏ దశలో ఉంది, జీవుల వయసు, అవి ఎక్కడి విత్తనం. చివరిది చాలామంది అడగరు. జబ్బును తట్టుకునేలా ఎంపిక చేసి పెంచిన విత్తనాన్ని, సహజంగా పుట్టిన వాటితో పోల్చి "ఈ సైట్ ఆరోగ్యంగా ఉంది" అని తేల్చేసే పొరపాటు అక్కడే మొదలవుతుంది.

చనిపోయినవాటిని లెక్కపెట్టండి. రెండు చిప్పలూ కీలు దగ్గర అతుక్కుని, లోపల ఖాళీగా ఉంటే దాన్ని 'బాక్స్' అంటారు. లోపలి గోడ తళతళలాడుతుంటే ఆ చావు ఇటీవలిది. లోపల నాచు, బార్నకిల్స్ పట్టి ఉంటే పాతది. ఈ రెండింటినీ వేరు వేరు గళ్లలో రాయకపోతే పోయిన ఏడాది చావులు ఈ ఏడాది లెక్కలోకి వస్తాయి.

తెచ్చేటప్పుడు తడి గోనెగుడ్డ కప్పి, ఐస్‌కు నేరుగా తగలకుండా చల్లగా ఉంచండి. కరిగిన ఐస్ నీళ్లలో మునిగితే అవి మంచినీళ్లు, ఆల్చిప్పకు దెబ్బే. ఒక్కో సైట్‌కు ఒక్కో సంచి. రెండు సైట్లవి ఒకే తొట్టెలో వేశారంటే, ఆ తొట్టెలో మీ ప్రయోగం ముగిసినట్టే. 24 గంటల్లో కోయడం ఉత్తమం. నోరు తెరుచుకుని, తట్టినా మూయనివాటిని సోకిన శాతం లెక్కలో మిగతావాటితో కలపకండి. వాటికి వేరే గుర్తు పెట్టండి, ఎందుకంటే జబ్బు ముదిరినవి అందులోనే ఎక్కువ.

కోత, ఫిక్సేషన్ (కణజాలం చెడకుండా రసాయనంలో నిలపడం) సరిగ్గా ఎలా చేయాలి? ఎక్కడ చెడుతుంది?

వేసవి ప్రాజెక్టులు ఎక్కువగా చెడేది ఇక్కడే, అదీ మూడు వారాల తర్వాత స్లైడు చూసేదాకా తెలియకుండా.

ఆల్చిప్పను చిప్ప నుంచి పూర్తిగా విడిపించి, శరీరానికి అడ్డంగా ఒక ముక్క తీయాలి. అందులో మొప్పలు, మాంటిల్ (చిప్పకు ఆనుకుని ఉండే పలచని పొర), జీర్ణగ్రంథి, పునరుత్పత్తి గ్రంథి నాలుగూ రావాలి. మందం 5 మిల్లీమీటర్లు దాటకూడదు. దాటితే ఫిక్సేటివ్ నడిమధ్యకు చేరేలోపు అక్కడి కణాలు కరిగిపోతాయి. అన్నిటికంటే ముందు చెడేది జీర్ణగ్రంథి. దానిలోని ఎంజైములు దాన్నే అరగదీస్తాయి. తర్వాత స్లైడులో చిరిగిన నాళికలు చూసి ఏదో కొత్త జబ్బని సంబరపడే ఇంటర్న్‌లు ప్రతి ఏడూ ఉంటారు.

ఫిక్సేటివ్‌గా డేవిడ్సన్ ద్రావణం వాడతారు. ఒక వాడుక కొలత: సముద్రపు నీరు 30, 95 శాతం ఇథనాల్ 30, ఫార్మాలిన్ 20, గ్లిజరిన్ 10, అసిటిక్ ఆమ్లం 10 పాళ్లు. ఆమ్లాన్ని వాడే ముందు మాత్రమే కలపాలి. కణజాలం ఒక పాలుంటే ద్రావణం పది పాళ్లు ఉండాలి. చిన్న సీసాలో నాలుగు ముక్కలు కుక్కితే అది ఫిక్సేషన్ కాదు, ఊరగాయ. 24 నుంచి 48 గంటల తర్వాత 70 శాతం ఇథనాల్‌లోకి మార్చండి. చిప్ప పెంకులు అందులో పడకుండా చూడండి: పెంకులోని కాల్షియం కార్బొనేట్ ఆమ్లాన్ని తినేస్తుంది, బుడగలు వస్తాయి, ద్రావణం బలం పోతుంది. మిగిలిన చిన్న పెంకు ముక్కలూ ఇసుక రేణువులూ తర్వాత మైక్రోటోమ్ (కణజాలాన్ని పలచని పొరలుగా కోసే యంత్రం) కత్తిని గీరి, స్లైడు మీద సమాంతర గీతలు వేస్తాయి.

పీసీఆర్‌కు (పరాన్నజీవి డీఎన్ఏను పెంచి పట్టే పరీక్ష) వేరే ముక్క, వేరే సీసా, 95 శాతం ఇథనాల్. డేవిడ్సన్‌లో ఉన్న కణజాలంలో డీఎన్ఏ ముక్కలైపోతుంది. కాబట్టి మొదటి రోజే రెండు దార్లుగా విడదీయాలి, తర్వాత గుర్తొస్తే లాభం లేదు.

లేబుల్ పెన్సిల్‌తో రాసి సీసా లోపల వేయండి. పెన్ను సిరా, మార్కర్ రెండూ ఇథనాల్‌లో కరుగుతాయి. మూత మీద మాత్రమే రాస్తే మూతలు మారిపోతాయి.

డెర్మో పరీక్ష చవకని విన్నాం. ఎలా చేస్తారు?

రే అనే శాస్త్రవేత్త 1952లో ప్రకటించిన పద్ధతి, ఇప్పటికీ నడుస్తోంది. దాని మాధ్యమం పేరు ఫ్లూయిడ్ థయోగ్లైకొలేట్, ల్యాబుల్లో ముద్దుగా 'థయో'. మలనాళం, మొప్ప, మాంటిల్ నుంచి సుమారు 5 ఇంటూ 10 మిల్లీమీటర్ల ముక్కలు తీసి, యాంటీబయాటిక్స్, బూజును ఆపే నిస్టాటిన్ కలిపిన మాధ్యమంలో వేస్తారు. 22 నుంచి 25 డిగ్రీల దగ్గర, చీకట్లో 4 నుంచి 7 రోజులు. ఈలోపు పరాన్నజీవి కణాలు ఉబ్బి, మందమైన గోడ కట్టుకుంటాయి. ముక్కను స్లైడు మీద బ్లేడుతో నలిపి, పలచబరిచిన లుగాల్ అయోడిన్ చుక్క వేస్తే నీలి నలుపు గోళాలుగా కనిపిస్తాయి, 15 నుంచి 100 మైక్రాన్ల దాకా. వాటి సంఖ్యను బట్టి 0 నుంచి 5 దాకా మార్కు వేస్తారు, దాన్నే మాకిన్ స్కేలు అంటారు.

ఇది బతికున్న పరాన్నజీవిని పెంచి చూసే పరీక్ష. ఇథనాల్‌లో వేసిన ముక్క, ఫ్రీజర్‌లో ఉన్న ముక్క పనికిరావు. యాంటీబయాటిక్ వేయడం మరిస్తే నాలుగో రోజుకు ట్యూబు మురిగి కంపు కొడుతుంది, దాన్ని నెగెటివ్ అని కాదు, 'చెడింది' అని రాయాలి. ఇంకొకటి: పర్కిన్సస్ జాతి అని చెబుతుందే గానీ ఏ పర్కిన్సస్సో చెప్పదు. మరైనస్సా, ఓల్సెనియా అన్నది పీసీఆర్ పని. పర్కిన్సస్ కుగ్వాడి అయితే ఈ మాధ్యమంలో ఉబ్బనే ఉబ్బదు.

మార్కు వేయడంలో మనిషికీ మనిషికీ తేడా వస్తుంది. 2కీ 3కీ మధ్య ఎప్పుడూ వాదనే. మొదట్లో 20 స్లైడ్లు అనుభవం ఉన్నవారితో కలిసి, ఒకరి మార్కు ఒకరు చూడకుండా వేసి పోల్చుకోండి. సైట్ పేరు కనబడకుండా కోడ్ నంబర్లతో చదవండి. "ఇది చెడ్డ సైట్" అని తెలిస్తే చేయి తెలియకుండానే ఒక మార్కు ఎక్కువ వేస్తుంది.

పీసీఆర్‌లో తరచూ వచ్చే ఇబ్బందులు?

రెండు. ఒకటి కలుషితం: ఒకే కత్తెరతో వరుసగా కోస్తే మొదటి ఆల్చిప్ప డీఎన్ఏ పదోదానిలో తేలుతుంది. జీవికీ జీవికీ మధ్య పరికరాన్ని బ్లీచ్‌లో ముంచి, కడిగి, ఇథనాల్‌తో తుడిచి మంటలో చూపించండి. రియాక్షన్ కలిపే గది నుంచి ఫలితం చూసే గదికి వెళ్లొచ్చు, అదే కోటుతో వెనక్కి రాకూడదు. రెండోది నిరోధకాలు: ఆల్చిప్ప జిగురులోని పాలీశాకరైడ్లు ఎంజైమును అడ్డుకుంటాయి. డీఎన్ఏ బాగానే ఉంది, ఫలితం మాత్రం ఖాళీ. అలాంటప్పుడు డీఎన్ఏను పది రెట్లు పలచన చేసి మళ్లీ పెట్టండి, చాలాసార్లు బ్యాండు (డీఎన్ఏ దొరికిందని చూపే గీత) అప్పుడే వస్తుంది.

ప్రతి ప్లేటులో పాజిటివ్ కంట్రోల్ (సోకిందని ముందే తెలిసిన నమూనా), డీఎన్ఏ లేని ఖాళీ, వెలికితీత దశ నుంచే పెట్టిన ఖాళీ మూడూ ఉండాలి. మూడోదాన్ని ఆదా కోసం వదిలేస్తుంటారు. కలుషితం కిట్‌లోంచే వచ్చిందా అని చెప్పేది అదొక్కటే.

పీసీఆర్ పాజిటివ్, స్లైడులో ఏమీ లేదు. ఏది నమ్మాలి?

రెండూ నిజం కావచ్చు. ఆల్చిప్ప గంటకు లీటర్ల కొద్దీ నీటిని వడకడుతుంది. నీళ్లలో కొట్టుకుపోతున్న పరాన్నజీవి మొప్పలకో పేగుకో అంటుకుని ఉన్నా పీసీఆర్ పాజిటివ్ అంటుంది. సోకిందనాలంటే అది కణజాలంలో ఉండి పెరుగుతూ కనబడాలి. మరోవైపు స్లైడు అంటే 5 మైక్రాన్ల ఒక పొర. తేలికపాటి సోకు ఆ పొర పక్కనే ఉండి తప్పిపోవచ్చు. కాబట్టి "డీఎన్ఏ దొరికింది", "సోకింది", "జబ్బు చేసింది" మూడూ వేర్వేరు వాక్యాలు. మీ రిపోర్టులో మూడింటికీ ఒకే మాట వాడితే వైవాలో మొదటి ప్రశ్న అదే వస్తుంది.

స్లైడులో జబ్బు చేసిందనడానికి గుర్తులు: హీమోసైట్లు (ఆల్చిప్ప రక్తకణాలు) ఒకచోట గుమిగూడడం, జీర్ణనాళికల గోడలు పలచబడడం, కణాలు చచ్చిన మచ్చలు. చిప్ప లోపల బురద పురుగు కట్టిన బొబ్బలు, మొప్పల్లో చిన్న పీత, చిప్పను తొలిచే స్పాంజి కనిపిస్తే రాసుకోండి, కంగారు పడకండి.

ఆల్చిప్పలకు టీకా వేయలేమా? మందు?

వీటికి మనలాంటి యాంటీబాడీలు లేవు. రక్తంలోని హీమోసైట్లు శత్రువును మింగి చంపుతాయి. డెర్మో పరాన్నజీవి తెలివి ఏమిటంటే, ఆ హీమోసైట్ లోపలే బతికి, దాన్నే వాహనంగా చేసుకుని ఒళ్లంతా తిరుగుతుంది. ఇక సముద్రంలో మందు పోయడం జరిగే పని కాదు. సాగులో చేసేవి: తట్టుకునే విత్తనం, త్వరగా ఎదిగే ట్రిప్లాయిడ్లు (రెండుకు బదులు మూడు జతల క్రోమోజోములు కాకుండా, మూడు వరుసల క్రోమోజోములున్నవి), జబ్బు ముదిరే వేసవికి ముందే పట్టేయడం, ఎంఎస్‌ఎక్స్ అయితే లవణీయత 10 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో ఉప్పు పాళ్లు) కన్నా తక్కువ ఉన్న చోటికి మార్చడం. డెర్మో తక్కువ లవణీయతలో అణిగి ఉంటుందే గానీ అంత తేలిగ్గా వదలదు.

మనుషులకు అంటుకుంటుందా?

డెర్మో, ఎంఎస్‌ఎక్స్, బొనామియా, ఆయిస్టర్ హెర్పిస్ ఇవేవీ మనుషులకు రావు. ప్రమాదం విబ్రియో వల్నిఫికస్ వంటి బ్యాక్టీరియాతో. వెచ్చని ఉప్పునీళ్లలో చేతికి గాయమైతే అది లోపలికి పోతుంది. కాలేయ జబ్బు ఉన్నవారికి, రోగనిరోధక శక్తి తగ్గినవారికి ప్రాణాంతకం కావచ్చు. చిప్ప పట్టే చేతికి కోతను ఆపే గ్లోవ్ వేసుకోండి, కత్తి మొన అరచేతి వైపు ఎప్పుడూ వద్దు. గాయమైతే వెంటనే సబ్బుతో కడిగి చెప్పండి. ఎరుపు పాకుతున్నా, బొబ్బలు లేస్తున్నా తెల్లారేదాకా ఆగకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఫార్మాలిన్, జైలీన్ పనులు ఫ్యూమ్ హుడ్ కిందే.

చిప్పజీవుల అలర్జీ ఉంటే చేరకముందే చెప్పండి. తినడమే కాదు, తాకినా, ఆవిరి పీల్చినా కొందరికి ఇబ్బంది. స్లైడ్లు, డేటా మీద మాత్రమే పని ఇచ్చే వీలుంటుంది. ల్యాబ్‌కు తెచ్చిన ఆల్చిప్పలను తినడం మాత్రం ఎవరికీ, ఎప్పుడూ కుదరదు.

కొత్త చోట జబ్బు బయటపడితే ఎవరికి చెప్పాలి?

మీ పై అధికారికి, అంతే. గ్రూపుల్లో పెట్టొద్దు, రైతుకు మీరే ఫోన్ చేయొద్దు. పర్కిన్సస్ మరైనస్, పర్కిన్సస్ ఓల్సెని, బొనామియా రెండు రకాలు, మార్టీలియా రెఫ్రిన్‌జెన్స్ వంటివి ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ జాబితాలో ఉన్నాయి. నిర్ధారణ అయితే దేశాల ప్రభుత్వాల స్థాయిలో తెలియజేయాల్సినవి. ఒక్క పీసీఆర్ బ్యాండుతో ఒక తీరంలోని వ్యాపారం ఆగిపోవచ్చు. అందుకే రెండో పద్ధతితో, వీలైతే రిఫరెన్స్ ల్యాబ్‌లో సరిచూశాకే మాట బయటికి వస్తుంది. అదే కారణంతో వాడిన నీళ్లు, మాంసం, చిప్పలు శుద్ధి చేయకుండా సముద్రంలోకి వదలకూడదు. బ్లీచ్ పోసేటప్పుడు ముందు మాంసం ముక్కలు వడకట్టండి, లేదంటే క్లోరిన్ వాటి మీదే ఖర్చైపోతుంది.

ఫలితాలు ఏ లెక్కలో రాయాలి?

మూడు అంకెలు. 30 జీవుల్లో ఆరింటికి మార్కు 1, నాలుగింటికి 2, రెండింటికి 5 వచ్చాయనుకోండి. సోకినవి 12, అంటే 40 శాతం. 95 శాతం నమ్మక పరిధి దాదాపు 25 నుంచి 58 శాతం. మార్కుల మొత్తం 24. సోకినవాటి సగటు తీవ్రత 24ను 12తో భాగిస్తే 2. మంద మొత్తం మీద తీవ్రత 24ను 30తో భాగిస్తే 0.8. చివరి రెండింటిలో ఏది రాశారో చెప్పకపోతే మీ టేబుల్‌ను ఎవరూ వాడుకోలేరు.

వర్ణాంధత్వం ఉంటే కష్టమా?

కణజాల స్లైడ్లు గులాబీ, ఊదా రంగుల్లో ఉంటాయి కాబట్టి కొంత కష్టమే. డెర్మో పరీక్షలో గోళం ఆకారమే ముఖ్యం, ఇబ్బంది తక్కువ. ముందే చెబితే పని సర్దుతారు.

చివరి వారంలో ఏం అప్పగించాలి?

కణజాలం పొదిగిన మైనపు దిమ్మలు దశాబ్దాలు నిలుస్తాయి, మీరు చూడని జబ్బును ఇంకొకరు వాటిలో వెతకొచ్చు. దిమ్మ నంబరు, జీవి నంబరు, సైట్, తేదీ ఒకే షీట్‌లో, ఒక్కో జీవికి ఒక్కో వరుసగా ఇవ్వండి. ఇథనాల్ సీసాల్లో మట్టం తగ్గితే నింపి మూతలు బిగించండి. ఫ్రీజర్ పెట్టెలో ఏ గడిలో ఏముందో పటం గీసి ఒకటి పెట్టె మూత లోపల అంటించండి, ఇంకొకటి నోట్‌బుక్‌లో. మార్కులు మార్చిన చోట పాత మార్కును చెరపకుండా ఒక గీత కొట్టి, పక్కన తేదీ, పొట్టి సంతకం వేయండి. అసలు నోట్‌బుక్ ల్యాబ్‌లోనే ఉండాలి, మీకు దాని ఫొటోలు చాలు.